వకుళ ఎంచుకున్న రెండో పిట్ట

అనగా అనగా, మబ్బులు కొండ దిగివచ్చి జొన్నచేలలో మేసే ఒక కోన ఉండేది. కంకులు పాలు పోసుకోగానే అక్కడ చిలకల దండులు వాలేవి. వాటిని తరమడానికి కోనవాళ్లు కొయ్యపిట్టలను ఎగరేసేవారు.

తాడు లేదు, దారం లేదు. చేతిలో చిన్న పెట్టె, దానికి వీణకున్నట్టు రెండు బిరడాలు. నేల మీద నిలబడి బిరడా తిప్పితే ఆకాశంలో పిట్ట తిరిగేది. వింతే మరి! కానీ ఊరికే వచ్చే వింత ఎక్కడైనా ఉందా? పిట్ట గాలిలో ఉన్నంతసేపూ ఎగరేసేవారి నీడ దానితోపాటే పైకి పోయేది. పిట్ట మెల్లగా దిగితే నీడ తిరిగి కాళ్ల దగ్గరికి చేరేది. పిట్ట కూలి ముక్కలైందా, నీడ ఆ కొయ్యలోనే చిక్కుకుపోయేది. ఆ పిట్టనే అతికి, ఎవరైనా మళ్లీ ఎగరేసి మెల్లగా దించితేనే బయటపడేది.

వకుళ అక్క నాగమల్లి నీడ అలాగే చిక్కుకుంది. నేర్చుకునేవాళ్లకు మొదట ఇచ్చే తొలిపిట్ట చేతికి అలవాటయిందో లేదో, ఆమె రెండోపిట్టగా డేగను ఎంచుకుంది. డేగ బండకు కొట్టుకుని కూలింది. అప్పటినుంచి నాగమల్లి పొద్దుటెండలో కూర్చున్నా పక్కన నీడ పడదు. ఆకలి తెలియదు. చెల్లెలు పిలిస్తే, ఇంకెవరినో పిలిచారనుకుని పక్కకు చూస్తుంది.

ఎలాగైనా అక్కను దక్కించుకోవాలని వకుళ తొలిపిట్టను ఎగరేయడం నేర్చుకుంది. తొలిపిట్ట సాధుజీవి. తప్పు తిప్పినా, చేతులు వదిలేసినా, తనంతట తానే సర్దుకుంటుంది. దాన్ని ఎగరేసిన ప్రతివాళ్లూ తామే ఆరితేరామనుకుంటారు. నవ్వకండి, మీరైనా అంతే!

రెండోపిట్టను ఎంచుకునే రోజు వచ్చింది. పిట్టలు చెక్కే సోమలింగాచారి కొట్టంలో మూడు పిట్టలు పీటల మీద కూర్చున్నాయి. ఒకటి హంస, ఒకటి డేగ, ఒకటి గోరింక.

"ఏది తీసుకోను తాతా?" అంది వకుళ.

"చెక్కినవాడు చెప్పకూడదమ్మా, అది మా కట్టుబాటు. ముట్టుకుంటే అవే మాట్లాడతాయి," అని ఆచారి బయటికి వెళ్లి తలుపు చేరవేశాడు.

వకుళ హంసను ముట్టుకుంది. కొయ్య చల్లగా ఉంది. "నన్ను ఎగరెయ్యి. కోనంతా తలెత్తి నిన్ను మెచ్చుకుంటుంది," అంది హంస.

"మెచ్చుకుంటే మా అక్క కోలుకుంటుందా?" అని వకుళ చెయ్యి తీసేసింది.

తర్వాత, అక్క కూల్చగా ఆచారి ముక్కలు అతికి నిలబెట్టిన డేగను ముట్టుకుంది. కొయ్య వెచ్చగా ఉంది, మనిషి ఒంటిలాగే.

"చెల్లీ!"

అది నాగమల్లి గొంతు.

"ఇందులో చీకటిగా ఉందే. నన్ను ఒక్కసారి ఎగరేసి మెల్లగా దించు, బయటపడతాను. ఇవాళే తీసుకుపో."

వకుళ ఏడుస్తూ డేగను కావలించుకుంది. పక్కనుంచి గోరింక సన్నగా అడిగింది. "పిట్ట నీకు ఎదురుగా వస్తున్నప్పుడు, దాని కుడి నీకు ఎటు?"

తెలుసని చెప్పబోయి వకుళ ఆగింది. పిట్ట దూరంగా పోతున్నంతసేపూ ఆమెకు భయం లేదు. ఎదురు తిరిగిందంటే కుడి ఎడమై, ఎడమ కుడియై చెయ్యి తడబడేది. అప్పుడల్లా బిరడాలు వదిలేసేది, తొలిపిట్టే సర్దుకునేది. ఈ గుట్టు ఎవరికీ తెలియదు.

"నాకు రాదు," అంది తల వంచుకుని. తర్వాత డేగను అడిగింది. "అక్కా, నేను కూల్చేస్తేనో?"

డేగ ముద్దుగా అంది. "కూలితే ఏముందే? నువ్వూ లోపలికే వస్తావు. ఇద్దరం కలిసే ఉందాం."

వకుళ చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేశాయి. గొంతు అక్కదే, మాట అక్కది కాదు. తన ముద్ద తీసి చెల్లెలికి పెట్టిన మనిషి, ఆ చెల్లెల్ని చీకట్లోకి రమ్మంటుందా?

ఆమె గోరింకను ఎత్తుకుని బయటికి నడిచింది. డేగ వెనకనుంచి పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు వింటూ నడవడం ప్రాణం పోయినంత పనయింది.

గోరింక తనంతట తాను సర్దుకోదు, తిప్పినట్టే తిరుగుతుంది. కానీ నెమ్మదైన పిట్ట, తప్పు దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. ఎన్నిసార్లు గడ్డిలో దొర్లిందో! ఆ పూటలన్నీ వకుళ నీడ అంచులు చిరిగి తిరిగొచ్చేది. ఆచారి కొట్టంలోంచి పిలుపు రోజురోజుకీ సన్నగిల్లుతోంది. అయినా వకుళ తొందరపడలేదు.

మళ్లీ కోతలయ్యాయి. గోరింక సూటిగా ఎదురొస్తున్నా ఆమె చెయ్యి తడబడడం మానేసింది. అప్పుడు వెళ్లి డేగను అడిగి తెచ్చుకుంది.

డేగ రివ్వున లేచి మబ్బులో దూరింది. మబ్బు చీల్చుకుని ఎదురుగా, బండవైపు దూసుకొచ్చింది. "ఎడమకు చెల్లీ, ఎడమకు తిప్పవే!" అని అక్క గొంతు ఆకాశంలోంచి అరిచింది.

ఆ గొంతును కాక, గోరింకతో నేర్చిన తన చేతినే నమ్మి వకుళ కుడికి తిప్పింది.

డేగ బండను తప్పించుకుని గడ్డి మీద మెల్లగా ఆగింది. దాని కిందనుంచి ఒక నీడ వచ్చి వకుళ కాళ్లను పట్టుకుంది. ఇంకో నీడ జొన్నమోళ్ల మీదుగా, నల్లగా పాకుతూ ఇంటిదారి పట్టింది. వకుళ దాని వెంట పరుగెత్తింది.

వాకిట్లో నాగమల్లి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఎండ మండిపోతోంది, నెత్తిన గుడ్డయినా లేకుండా ఎక్కడ తిరుగుతున్నావే?" అని చెల్లెల్ని కసిరింది.

రాదని ఒప్పుకున్నవారికే విద్య వస్తుంది.