ఫౌస్తు కూతురి నాణెం

మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని రోజుల్లో, సముద్రాల అవతల రోమాపురి అనే పట్నం ఉండేదట. దాని చక్రవర్తికి, ఏం చెప్పమంటారు, కష్టం మీద కష్టం. ఉత్తరాన యుద్ధం, తూర్పున యుద్ధం, ఊళ్లో మహమ్మారి. బొక్కసంలో వెండి అయిపోయింది. మరి సైన్యానికి జీతాలెలా? రాగి నాణేలు కొట్టించి వెండి పూత పూయించాడు. పైన వెండి, లోన రాగి. చెడ్డవాడు కాదు పాపం, దిక్కుతోచనివాడు.

ఆ పూత పూసేవాడు ఫౌస్తు, నాణేలు కొట్టే టంకశాలలో కూలి. పెళ్లాం ఎప్పుడో పోయింది. ఉన్నది ఒక్క కూతురు, ప్రిమ. మహమ్మారి ఆ పిల్లనూ ఎత్తుకుపోయింది.

మనకు వైతరణి ఉన్నట్టే వాళ్లకూ ఒక నది ఉంది. పోయినవాళ్ల నోట్లో నాణెం పెడతారు. అది పడవవాడికి ఇస్తేనే అవతలి ఒడ్డు. లేకపోతే ఈ ఒడ్డునే పడి ఉండాలి.

తడి తగిలితే తన పూత ఎంతసేపు నిలుస్తుందో ఫౌస్తుకు తెలుసు. "రాగి బయటపడితే పడవవాడు నా బిడ్డను ఎక్కించుకోడు," అని ఏడ్చాడు.

షావుకారు దగ్గరికెళ్లాడు. "అయ్యా, అసలు వెండి నాణెం ఉందా?"

"ఎక్కడిదయ్యా! పైన వెండి, లోన రాగి."

సిపాయిని అడిగాడు. "పైన వెండి, లోన రాగి."

పూజారిని అడిగాడు. పూజారి హుండీ బోర్లించాడు. అన్నీ అవే.

చివరికి ప్రిమ చెవుల వెండి పోగులు తీశాడు. అవి వాళ్లమ్మవి. కరిగించి, చక్రవర్తి ముద్ర వేసి, ఒక్క నాణెం కొట్టాడు. బిడ్డ నోట్లో పెట్టాడు.

మట్టి వేసే వేళకు టంకశాల అధికారి వచ్చి, పిల్ల నోట్లో నాణెం చూశాడు. "ఇదేంట్రా, ఇంత తెల్లగా ఉంది? మన నాణెం ఇలా ఉండదే! దొంగ నాణెం కొట్టావా? తల తీస్తారని తెలీదా?" పిల్ల ముఖం చూసి కాస్త మెత్తబడ్డాడు. "అది తీసేసి మామూలుది పెట్టు. నేను చూడలేదనుకుంటా."

"దాన్ని ముట్టుకోకండి బాబూ. నా తల తీసుకోండి," అన్నాడు ఫౌస్తు. తనే మట్టి కప్పాడు. అధికారి గుంత తవ్వించలేదు. ఆ మాత్రం మనసుందిలే.

ఫౌస్తు తల తీశారు. దొంగ నాణేల వాడి నోట్లో నాణెం పెట్టకూడదన్నారు. అలాగే పూడ్చేశారు. కూతురు ఆ ఒడ్డున, తండ్రి ఈ ఒడ్డున.

చక్రవర్తీ పోయాడు, ఆ పూతా పోయింది. కానీ అక్కడి కూలిపేటలో ఎవరైనా పోతే నోట్లో రెండు నాణేలు పెడతారట. ఇన్నాళ్లూ పెట్టినవాటిలో పడవవాడి దగ్గర ఏది చెల్లిందో ఎవరికి తెలుసు? అందుకే ఇంకా పెడుతూనే ఉన్నారట. పెట్టి, చెవిలో చెబుతారట:

"ఒకటి నీది. రెండోది ఒడ్డున నిలబడ్డ ఫౌస్తుకివ్వు. అవతల పిల్ల ఎదురుచూస్తోంది."