కొమ్ము చీలల కోడలు

అనగనగా అనగానే కళ్ళు మూసెయ్యకండి. ఇది జోకొట్టే కథ కాదు, నాకు ఒళ్ళు మండే కథ. ఓడలు తెరచాపలేసుకుని తిరిగే రోజుల్లో సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరికి ఒక రాజు, ఆ రాజుకి ఒక తల్లి, పెద్దరాణిగారు. ఆ ఊళ్ళోనే వీణలు చేసే వరహాలాచారి, ఆయన కొడుకు, ఆ కొడుకు పెళ్ళాం పైడమ్మ. కొడుకు పేరు అడక్కండి. కథ అయ్యేదాకా వాడు నోరు తెరవడు, నోరు తెరవనివాడికి పేరెందుకు. ఊ కొడుతున్నారా? ఇందూ, నువ్వు కొట్టవే. మీ తమ్ముడు వాసు నిద్దట్లో కూడా కొడతాడు, అది చెల్లదు.

పైడమ్మ పుట్టింటివాళ్ళు గేదె కొమ్ముతో దువ్వెనలు కోసేవాళ్ళు. వెంట్రుక దూరేంత సందులో కూడా గరుకు లేకుండా కోసే చెయ్యి ఆ పిల్లది. అత్తింట్లో మాత్రం ఆడది ఉలి ముట్టకూడదు. చెక్కపొట్టు ఎత్తాలి, లక్క కరిగించాలి, మజ్జిగ కలిపి ఇవ్వాలి. పని మీదపడి మగాళ్ళకి చెయ్యి ఆడనప్పుడు మాత్రం, గుమ్మం వెనక కూర్చుని నాలుగు బిరడలు నునుపు చెయ్యమనేవారు. బిరడంటే వీణ తీగ చుట్టి తిప్పే చెక్క. బాగుంటే వరహాలాచారి పనితనం, బాగోకపోతే పైడమ్మ చేతకానితనం. చూశారా, ఇక్కడే మొదలైంది నాకు మంట.

ఇలా ఉండగా ఒక ఓడ కప్తాను రాజుగారికి గిటారొకటి కానుకిచ్చాడు. రెండు పాటలు నేర్పాడు, అందులో ఒకటి సగమే, ఈలోగా గాలి మళ్ళిందని ఓడెక్కి పోయాడు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టి ఆరుకి ఆరూ తెగాయి. ఆ తీగల్ని పట్టి ఉంచే చీలలు, అదే, మీ అక్క పిన్నులంటుందే, అవి దొర్లిపోయి ఒక్కటి మిగిలింది. కొత్త తీగలు పెట్టెలో ఉన్నాయి. ఎలా బిగించాలో చెప్పే మనిషి సముద్రంలో ఉన్నాడు. పెద్దరాణిగారి పుట్టినరోజు నాలుగు రోజుల్లోకి వచ్చింది, ఆవిడకి ఆ ఒకటిన్నర పాట వినిపించాలని రాజుగారి పట్టుదల.

వరహాలాచారిని పిలిపించారు. ఇలాంటివి వంద చేశానన్నాడు. ఒక్కటీ చూడలేదు. ఇంటికొచ్చి ఆ మిగిలిన చీల కోడలి ముందు పడేసి, ఇలాంటివి ఇంకో అయిదు కొయ్యమన్నాడు. పైడమ్మ కొమ్ము తీసి, పాత చీల ఎలా ఉందో అలాగే కోసింది. పైన బుడిపె, కిందకి సన్నం, ఒక పక్కన నిలువునా గాడి. ఆ గాడి ఎందుకో ఆమెకీ తెలీదు. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు కోసింది.

ఇప్పుడు వినండి ఆ మావగారి తెలివి. వీణ బిరడ ఎంత గట్టిగా దిగితే అంత నిలుస్తుంది, నలభై ఏళ్ళుగా ఆయన చేతికి అదే తెలుసు. ఇదీ అంతే అనుకున్నాడు. తీగ చివర ఇత్తడి పూసుంటుంది గదా, దాన్ని గిటారు మీద చీల దిగే కన్నంలో పడేశాడు. గాడి కనిపిస్తే పగులులా ఉంటుందని వెనక్కి తిప్పాడు. చెక్కసుత్తి తీసి చీలని టకటకా దిగ్గొట్టాడు. పట్టుకెళ్ళి సభలో బిగించడం మొదలుపెట్టాడు.

తీగ బిగిసింది, బిగిసింది, బిగిసింది. చీల టప్పున లేచింది, గిర్రున తిరిగింది, ఠంగున పడింది. ఎక్కడ? పరమాన్నం గిన్నెలో.

తప్పెవరిది? కోడలిదన్నాడు. ఎందుకట? కోసింది ఆవిడ గనక.

ఇంటికి తెచ్చి ఈసారి సుత్తి దెబ్బలు రెట్టింపు చేశాడు. మర్నాడు మళ్ళీ సభ. తీగ బిగిసింది, బిగిసింది. చీల టప్పున లేచింది, గిర్రున తిరిగింది, ఠంగున పడింది. ఎక్కడ? మంత్రిగారి బట్టతల మీద.

తప్పెవరిది? కోడలిది. ఎందుకట? దువ్వెనలు కోసే చేతులకి సంగీతం ఏం తెలుసునట.

నాకెందుకింత కోపమని మూతి ముడుస్తావేం ఇందూ. నేనూ ఒకింటికి కోడలిగా వెళ్ళినదాన్నే. పాలు విరిగినా నేనే, పిల్లి తాగినా నేనే. పోనీ అత్తనయ్యాక నేర్చుకున్నానా? గ్రైండరు ఆగిపోయిందని మీ అత్తయ్యని గంటసేపు సాధించాను. తీరా చూస్తే ప్లగ్గు నేనే పీకాను. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి. సరే, కథలోకి రండి.

మూడోసారి వరహాలాచారి లక్క కాచి కన్నాల్లో పోసి మరీ చీలలు దిగ్గొట్టాడు. తీరా చూస్తే ఒకటి వంకరగా దిగింది. పైనుంచి లాగితే రాదు. లోపల్నించి తొయ్యాలి, ఆయన చెయ్యా రోకలిబండ. కోడల్ని పిలిచి, నీ చెయ్యి సన్నం, లోపల పెట్టి తొయ్యమన్నాడు.

పైడమ్మ తీగలు పక్కకి తప్పించి, నడుమనున్న గుండ్రటి కంతలోంచి గిటారు బొజ్జలోకి చెయ్యి పోనిచ్చింది. ఆ వాయిద్యం ఆ ఇంటికొచ్చి మూడు రోజులైంది, దాని లోపల ఏముందో తడిమి చూసిన మొదటి మనిషి ఆ పిల్ల. వేలికి ఏం తగిలింది? చీల మొన. మొన కింద వేలాడుతూ పూస. తీగని పైనుంచి చిన్నగా లాగి చూసింది. పూస కిందనించి చీలని తన్నుతోంది. అప్పటికి అర్థమైంది. తీగ ఎంత బిగిస్తే అంత గట్టిగా తంతుంది, సుత్తితో ఎంత కొడితే మాత్రం ఏం లాభం.

మావగారికి మెల్లిగా చెప్పింది. నలభై ఏళ్ళ పనివాడికి నువ్వు పాఠం చెప్తావా అని కసిరాడు. మొగుడి వంక చూసింది. వాడు చెక్కపొట్టు వంక చూశాడు.

పుట్టినరోజు రానే వచ్చింది. గిటారు మోసుకుని పైడమ్మ కూడా మావగారి వెనకే సభకొచ్చింది. ఈసారి జనం ముందే జాగ్రత్తపడ్డారు, తలల మీద పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు. తీగ బిగిసింది. చీల లక్కతో సహా టప్పున లేచింది, గిర్రున తిరిగింది, ఠంగున పడింది. ఎక్కడ? పెద్దరాణిగారి కళ్ళజోడు మీద. అద్దం నెర్రె ఇచ్చింది.

రాజుగారు లేచి నిలబడ్డాడు. వరహాలాచారి నేల మీద పడి, కోడలు పాడుచేసింది మహారాజా, కొమ్ము పనికిరాదు, చెయ్యి పనికిరాదు అని ఏకరువు పెట్టాడు. రాజుగారు ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ అమ్మాయి పనిముట్లన్నీ తెచ్చి సముద్రంలో పారెయ్యండి, ఇక మీదట చాకు పట్టిందంటే ఊరు దాటిస్తానన్నాడు. పుట్టింటినుంచి తెచ్చుకున్న రంపం, ఆకురాయి, చిన్న చాకు, అవే ఆ పిల్ల ఆస్తి. అవి పోతే ఇక జీవితాంతం పొట్టు ఎత్తడమే. వాసూ, ఊ ఏదిరా?

అప్పుడు పెద్దరాణిగారు పగిలిన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, తగిలింది నాకు గదా, నేనడుగుతానుండు అన్నారు.

"ఏమ్మాయ్, నువ్వు కోసినవేనా ఇవి?"

"నేను కోసినవేనండీ. నేను పెట్టినవి కావు."

"అయితే నువ్వు పెట్టు, చూస్తాను."

సభ గుసగుసలాడింది. పైడమ్మ గిటారు ముందు కూర్చుంది. సుత్తి ఇవ్వబోతే వద్దంది. మిగతా చీలలు లోపల్నించి తోసి తీసేసి, కన్నాల్లో లక్క గీకేసింది. తీగని పూస దగ్గర రవ్వంత వంచి కన్నంలోకి వదిలింది. చీల గాడి తీగవైపు తిప్పి, గాడిలో తీగ కూర్చునేలా వదులుగా పెట్టింది. ఒక వేలు చీల మీద ఆనించి, రెండో చేత్తో తీగని పైకి లాగింది. లోపల పూస చీల మొన మీంచి జారి, చెక్క అడుగుని పట్టుకుంది. అప్పుడు బొటనవేలితో చీలని ఒక్క నొక్కు. అంతే. ఇలా ఆరూ. మధ్యాహ్నం మీ అక్క తన గిటారుకి తీగలు మారుస్తూ నాచేత పట్టించింది కాబట్టి చెప్తున్నాను, పూస ఆనినప్పుడు తీగ ఇక లేవనని మొండికేస్తుంది, వేలికి తెలుస్తుంది.

ఇక బిగించడం మొదలుపెట్టింది. తీగ బిగిసింది, బిగిసింది, బిగిసింది. జనం పళ్ళేలు ఇంకా కిందికి లాక్కున్నారు. మంత్రిగారు బల్ల కింద దూరాడు. తీగ ఖంగుమంది. చీల కదల్లేదు. ఆరు తీగలూ పలికాయి, ఆరు చీలలూ కూర్చున్న చోటే కూర్చున్నాయి.

ఇప్పుడైనా న్యాయం జరిగిందనుకుంటున్నారా? రాజుగారు మురిసిపోయి, శాలువా తెప్పించి, ఎవరికి కప్పబోయాడో తెలుసా? వరహాలాచారికి. మీ ఇంటి పనితనం గొప్పదయ్యా అంటూ. ఆయన సిగ్గులేకుండా మెడ వంచాడు కూడా. నేనక్కడ లేకపోయాను గానీ.

పెద్దరాణిగారు శాలువా మధ్యలో పట్టి ఆపారు. నీకేం కావాలో నువ్వే చెప్పవే అని పైడమ్మనడిగారు. ఆ పిల్ల నగ అడగలేదు, మాన్యం అడగలేదు.

"మావయ్యగారు ఒక్కసారి చెయ్యి లోపల పెట్టి చూడాలండీ."

తీగలు వదులు చేశారు. ఆ రోకలిబండ చెయ్యి నూనె రాసుకుని, చెమటలు కక్కుకుంటూ, ఎలాగో మణికట్టు దాకా దూరింది. వేళ్ళు తడిమాయి. ఒక పూస, రెండో పూస, మూడోది. అన్నీ చెక్కకి ఆని ఉన్నాయి. చీలల మొనల కింద ఏమీ లేదు. వరహాలాచారి ఎంతసేపటికీ చెయ్యి తీయలేదు. ఇరుక్కుందేమో అనుకున్నారు. ఇరుక్కోలేదు, తలెత్తడానికి ధైర్యం చాల్లేదు. చివరికి అందరికీ వినబడేలా అన్నాడు.

"చీలలో తప్పు లేదమ్మా. మూడుసార్లూ నేనే తప్పుగా పెట్టాను."

ఆ మాట ఆయన నోట వచ్చాక గానీ పైడమ్మ కళ్ళు తుడుచుకోలేదు. శాలువా ఆమె భుజాల మీదికి వచ్చింది. రాజుగారు ఒకటిన్నర పాట వాయించాడు, పెద్దరాణిగారు ఆ సగం పాటే మళ్ళీ మళ్ళీ వాయించమన్నారు. మర్నాటినుంచి వీణలింట్లో గుమ్మం వెనక పీట తీసేసి, కిటికీ దగ్గర వెలుతురులో పైడమ్మకి బల్ల వేశారు. ఎవరు వేశారనుకున్నారు? ఆ మొగుడే. అప్పుడూ ఏమీ మాట్లాడలేదు, కానీ బల్ల కాళ్ళు కుదురుగా పెట్టాడు. అందరూ హాయిగా ఉన్నారు.

కాబట్టి పిల్లలూ, ఎవరి చేతిలో ఏది పాడైనా, నోరు చేసుకునే ముందు చెయ్యి పెట్టి లోపల చూడండి.

కథేమో కంచి బండెక్కింది, మనం దుప్పట్లోకి ఎక్కుదాం. ఇందూ, కాస్త ఆ కాళ్ళు అటు జరుపు.