టీ మరకతో సహా మూడు నకళ్ళు

మదనపల్లె చుట్టుపక్కల తెలివిని ఎవరైనా కొలిచి పంచితే, సగం చౌడప్ప ఇంట్లోనే పోయాల్సి వస్తుంది. ఈ మాట ఊరు అనలేదు, చౌడప్పే అన్నాడు. అన్నప్పుడు చొక్కా తిరగేసి తొడుక్కుని ఉన్నాడు.

ఆ ఇంట్లో తెలివిగలవాళ్ళు ముగ్గురు: చౌడప్ప, తమ్ముడు గంగులప్ప, వాళ్ళమ్మ ఓబులమ్మ. నాలుగో తెలివి, అంటే తండ్రి ముద్దప్ప, పోయినేడు పోయాడు. పోతూ పోతూ పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని, "ఒరే చౌడా, ఇంక నా స్థానంలో నువ్వే ఉండాల" అన్నాడు. చౌడప్ప తలూపాడు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే ఆ ఇంట్లో తెలివి. దివసాలనాడు పిండం పెడితే కాకి ముట్టలేదు. అందరూ అటు తిరిగి ఇటు తిరిగేలోగా ముద్ద మాయం. "ఆయనే వచ్చి తినిపోయినాడు" అని ఓబులమ్మ ఊరంతా చెప్పుకుంది.

ఇప్పుడు చిక్కల్లా టమోటా తోటతో వచ్చింది. బోరు మోటారు కరెంటు ముద్దప్ప పేరున ఉంది. చచ్చిపోయినవాడి పేరున లైను ఉండకూడదని కరెంటాఫీసువాళ్ళు ఫ్యూజు పీక్కుపోయారు. తోట పూత మీదుంది. పైన ఎండ నిప్పులు కక్కుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే కాయలుండవు, కట్టెలే మిగులుతాయి.

"మీ నాయన మరణ ధ్రువపత్రం నకళ్ళు మూడు, ఆఫీసరు సంతకంతో తెండి. పేరు మార్చి కరెంటిస్తా" అన్నాడు ఇంజనీరు.

పత్రం ట్రంకుపెట్టెలోనే ఉంది. అప్పట్లో చౌడప్పే పంచాయతీకి పోయి రాయించుకొచ్చాడు. దాని మీద ఒక పక్క టీ మరక, ఒక మూల ఎలక కొరుకుడు. మూడు జిరాక్సులు తీయించి అన్నదమ్ములు తాసిల్దారాఫీసుకు పోయారు. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే, "ఒరిజినల్‌కూ నకలుకూ వెంట్రుకంత తేడా ఉన్నా సార్ సంతకం పెట్టరు" అన్నాడు.

ఇంకేముంది, ఇద్దరూ బయట అరుగు మీద కూర్చుని తేడాలు వెతికారు.

"అన్నా, నకళ్ళలో టీ మరక నల్లగా ఉందే."

"టీ తేరా."

టీ వచ్చింది. మూడింటి మీదా పోశారు. కొరికిన మూల కోసం ఎలక దొరకలేదు గాబట్టి గంగులప్పే కొరికాడు.

"మెల్లిగా కొరకరా, ఎలకకు నీయంత నోరుండదు" అని అన్న జాగ్రత్త చెప్పాడు.

ఇక మిగిలింది ముద్ర. ఒరిజినల్‌లో ఊదారంగు, నకళ్ళలో నలుపు. మూడింటిని మార్చడం కంటే ఒకదాన్ని మార్చడం తేలిక గదా? అంతే, పక్కనే చెప్పులు కుట్టేవాడి దగ్గర నల్ల పాలిష్ అడుక్కొచ్చి చౌడప్ప ఒరిజినల్ ముద్ర మీద పులిమేశాడు.

గుమాస్తా నాలుగు కాగితాలూ తిప్పి చూశాడు. "వీటిలో ఒరిజినల్ ఏది?"

"మాకే తెలీదు సార్. ఇప్పుడు పెట్టిస్తారా సంతకం?" అన్నాడు చౌడప్ప, మెప్పు కోసం ఎదురుచూస్తూ.

గుమాస్తా నుదురు కొట్టుకున్నాడు. "పంచాయతీకే పోండి. రిజిస్టరు చూసి వాళ్ళే ముద్రేసిన నకళ్ళిస్తారు. ఈసారన్నా వాటిని కంటికి రెప్పలా చూసుకోండి. ఎవరి చేతికీ ఇవ్వకండి."

పంచాయతీ కార్యదర్శి తారీఖు అడిగాడు, రిజిస్టరు తిప్పాడు, మూడు నకళ్ళు తీసి టపటపా ముద్రలు గుద్దాడు. ఇన్ని చేతులు మారినా ఆ కాగితాన్ని ఒక్కరూ చదివింది లేదు. పోల్చేవాళ్ళు పోల్చారు, గుద్దేవాళ్ళు గుద్దారు. చదవడం ఎవరి ఉద్యోగమో ఏమో.

మళ్ళీ కరెంటాఫీసు. ఈసారి ఓబులమ్మ కూడా వచ్చింది.

"ఇవ్వండి" అన్నాడు ఇంజనీరు.

"ఇయ్యం సార్" అన్నాడు చౌడప్ప.

"మరెందుకొచ్చారు?"

"ఇద్దామనే వచ్చినాం. ఎవరి చేతికీ ఇవ్వొద్దన్నారు."

"చేతికిస్తే గదా తప్పు" అంది ఓబులమ్మ. అంతే, గంగులప్ప ఒక నకలు తీసి ఇంజనీరు ముక్కుకు ఆనించి పట్టుకున్నాడు. తల తిప్పుకునే సందు లేక ఆయన చదివాడు.

"చనిపోయినవారు చౌడప్ప అని ఉందే. ఎవరీ చౌడప్ప?"

చౌడప్ప కాలి బొటనవేలితో నేల గీశాడు. "నేనే సార్."

గంగులప్ప అన్న పక్కనుంచి కొంచెం జరిగాడు.

"నాయన తన స్థానంలో నన్నుండమన్నాడు సార్. పంచాయతీలో నాయన పేరు చెప్పాల్సిన చోటొచ్చింది. అక్కడ నేనున్నా."

"ముద్ర పడిందంటే నిజమే అయ్యుంటాది. పొద్దున సంగటి కూడా సగమే తిన్యాడు" అంటూ గంగులప్ప ఏడుపందుకున్నాడు.

ఇంజనీరు ముక్కు మీది నకలును పక్కకు నెట్టాడు. "కాగితం ప్రకారం మీ నాయన బతికే ఉన్నాడు. బతికున్నవాడి లైను పీకడం మాదే తప్పు. పోండి, ఫ్యూజు పెట్టిస్తా. మళ్ళీ నాకు కనబడకండి."

సాయంత్రానికి తోటలో నీళ్ళు పారాయి. చౌడప్ప కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంటే కంచం లేదు. అతని వంతు సంగటి ముద్దను ఓబులమ్మ గోడ మీద పెట్టి, కళ్ళొత్తుకుంటూ కాకి కోసం చూస్తోంది. సర్కారు ముద్రకు ఎదురు చెప్పే ఇల్లు కాదు గదా.

కాకి రాలేదు.

"నా బిడ్డకు ఏ కోరిక తీరలేదో, కాకి ముట్టడం లేదు" అని ఆమె శోకం మొదలుపెట్టింది.

చౌడప్ప కడుపు పట్టుకుని కాసేపు ఆలోచించాడు. ఇక దాచి లాభం లేదు.

"అమ్మా, కాకినేం అనొద్దు. నాయన దివసాలనాడు కూడా అది తినలే. ఆయన స్థానంలో ఆ ముద్ద నేనే తిన్యా." మెల్లిగా ఇంకో మాట కూడా చెప్పాడు. "ఉప్పు తక్కువైంది."