చిరుతగారి ఖాళీ కుర్చీ

కోనవాగు అడవిలో ఒక చెరువుండేది. చిన్నాచితకా చెరువు కాదు; ఈ గట్టున కొంగ తుమ్మితే, ఆ గట్టు కొంగ అన్న "చిరంజీవ" మర్నాటికి గానీ వచ్చి చేరేది కాదు. తూము సింహం సర్కారు చేతిలో ఉన్నన్నాళ్లూ, నీళ్లు వదలాలంటే దస్త్రం కుర్చీ కుర్చీకీ తిరగాలి. చివరి కుర్చీ చిరుత భైరవయ్యది. ఆయన పోయి ఏళ్లయినా, మర్యాద చెడకూడదని ఆ ఖాళీ కుర్చీలో దస్త్రం కాసేపుంచి, దణ్ణం పెట్టి తీసేవాళ్లు.

తర్వాత సింహం చేతులు దులుపుకుంది. తూము ఒక సంస్థ కిందికొచ్చింది. మేనేజరైన ఎలుగుబంటి పేరయ్య గట్టు కింద ఆఫీసు తెరిచాడు. నక్క సుదర్శనం సాఫ్ట్‌వేర్ పెట్టె మోసుకొచ్చి, ఇది అబద్ధమాడదు, చేప రెప్ప వేసినా పసిగడుతుందని ఊదరగొట్టాడు. పాత పద్ధతి ఒక్కటి కూడా మారడానికి వీల్లేదని పేరయ్య పట్టుబట్టాడు. నక్కకేం పోయింది? ఉన్నవి ఉన్నట్టు ఎక్కించేశాడు, ఖాళీ కుర్చీతో సహా.

ఎండాకాలం వచ్చింది. గేదె నాంచారమ్మ మడుగు నెర్రెలిచ్చింది, దూడ నాలుక వేలాడేసింది. నీళ్లు వదలమని అడిగితే కుర్చీల్లో ఉన్న అందరూ సరేనని పెట్టె మీద పంజాలు నొక్కారు. పెట్టె మాత్రం భైరవయ్య దగ్గర ఆగింది. దణ్ణం పెట్టి తీసెయ్యడం దానికి తెలీదాయె. ఫిర్యాదు చెయ్యమన్నాడు నక్క. చేస్తే అదీ భైరవయ్య దగ్గరికే పోయింది. ఆయన పేరు తీసెయ్యమంటే, అందుకూ ఆయన పంజాయే కావాలన్నాడు.

"నా దూడ చచ్చేలా ఉంది, పేరయ్యన్నా."

"నేనేం చెయ్యను తల్లీ, సిస్టంలో లేదు."

నాంచారమ్మ గుట్టవైపు వెళ్లి, తాపీగా తిరిగొచ్చింది.

"భైరవయ్యగారు గుట్ట దిగుతున్నారు," అంది.

నక్క పకపకా నవ్వాడు. "పోయినోడు ఎలా వస్తాడు వదినా?"

"పోయాడని నువ్వంటున్నావు. డ్యూటీలో ఉన్నాడని నీ పెట్టె అంటోంది. అబద్ధమాడేది ఎవరు మరిదీ?"

పేరయ్య నక్కవైపు తిరిగి కళ్లెర్రజేశాడు. "చెప్పవేం?"

నక్క పెట్టెకేసి చూశాడు. "పెట్టె... అబద్ధమాడదు."

"అయితే సరే," అంది నాంచారమ్మ. "తనను అడక్కుండా ఆఫీసులో పెట్టె పెట్టిందెవరని అడిగారు. చాన్నాళ్లుగా భోజనం కూడా లేదట."

అంతలో గాలికి ఎండుటాకులు గలగలమన్నాయి. నక్క ఎంత జోరుగా పరిగెత్తాడంటే, వాడు పొరుగు అడవి చేరాక చాలాసేపటికి గానీ తోక చేరలేదు. పేరయ్య చెట్టెక్కి కళ్లు మూసుకున్నాడు. నాంచారమ్మ తూము పలక కింద కొమ్ములు దూర్చి, ఒక్క ఊపుతో లేపేసింది.

తెల్లారి పేరయ్య దిగొచ్చేసరికి ఆఫీసులో నీళ్లు పీకలదాకా ఉన్నాయి. తేలుతున్న బల్ల మీద పెట్టె ఇంకా వెలుగుతోంది: భైరవయ్యగారి దగ్గర పెండింగు.

"నాంచారమ్మా, నీళ్లింకా వదల్లేదమ్మా," అని కేకేశాడు పేరయ్య, నోట్లోకొచ్చిన నీళ్లు ఉమ్ముతూ.

మడుగులో కొమ్ములు తప్ప ఏమీ కనిపించని నాంచారమ్మ, పక్కనే దూడ ఈదుతుంటే, తృప్తిగా ఒక బుడగ వదిలింది.

నీతి: ఖాళీ కుర్చీని తియ్యకుండా కొత్త యంత్రం తెస్తే, ఆ కుర్చీయే యంత్రాన్ని నడుపుతుంది.