పారమ్మ ఆకు

అనగనగా. ఎంత అనగనగా అంటే, మీ తాతకి తాత ఇంకా ఉగ్గు తాగుతున్న రోజులు. అప్పటికి ఆ కొండకి పేరు లేదు, కొండ కింద ఊరికీ పేరు లేదు. ఉన్నవే నాలుగు గడపలు, పేరు పెట్టి పిలిచేదెవరు? చలికాలం వస్తే మాత్రం కొండ మీంచి చలి దిగేది, చలి వెనక జ్వరం దిగేది, జ్వరం వెనక చావు దిగేది. ఈ మూడింటికీ ఆ ఊరి దారి బాగా తెలుసు.

ఊ కొట్టండి మరి. నేను చెబుతున్నంతసేపూ ఊ కొడుతూనే ఉండాలి. ఆగారంటే నేనూ కథ ఆపి మీ మొహాలు చూస్తాను. అది మా వైపు అలవాటు. ఎందుకొచ్చిందో కథలోనే ఉంది.

ఆ ఊళ్లో పారమ్మ అని ఒక ఆడమనిషి ఉండేది. పొలం లేదు, పుట్రా లేదు. ఉన్నదల్లా ఒక పాక, ఒక కత్తిపీట, ఒక సూది. ఆ సూదితోనే బతికేది. బొంతలు కుట్టేది.

బొంతలు ఎవరు కుట్టరు? పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి నాలుగు పక్కలా దారం లాగితే బొంతే. పారమ్మ బొంత అది కాదు. ఎండిన తాటాకును ఆరు పక్కల ముక్కలుగా కోసేది, తేనెపట్టులో గదుల్లాగా. ఒక్కో ఆకు ముక్క మీద ఒక్కో గుడ్డపేలిక వేసి, అంచులు వెనక్కి మడిచి, పెద్ద పెద్ద టాకాలు వేసేది. అలా తొడుగు వేసిన ముక్కల్ని పక్కపక్కన పెట్టి, అంచుకి అంచు సన్నటి కుట్లతో కలిపేది. నడుమ ఒకటి, చుట్టూ ఆరు. అది ఒక పువ్వు. పువ్వుకి పువ్వు కలుపుతూ పోతే బొంత.

ఆరు పక్కలా కుట్టు పడ్డాకే లోపలి ఆకు లాగాలి. ముందే లాగితే గుడ్డ ముడుచుకుపోతుంది. పక్కవాళ్లు అందరూ పట్టుకున్నాక ఇక ఆకుతో పని లేదు. ఆకులన్నీ తీసేసి, అడుగున మెత్తటి పాత చీరలు వేసి కుడితే, అప్పుడది వెచ్చన. ఆకులు లోపల ఉన్నంతకాలం మాత్రం బొంత కదిలితే గరగరమంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా పారమ్మ బొంతలోనే పడుకునేది. పెద్దనాయుడి మనవడిదీ పారమ్మ బొంతే, కుండలు చేసే సన్నాసి కొడుకుదీ పారమ్మ బొంతే. పారమ్మ బిడ్డకి మాత్రం బొంత లేదు. ఎలా ఉంటుంది? ఒకరిది పూర్తయ్యేలోగా ఇంకొకరికి నెలలు నిండేవి.

పారమ్మకి మొదట ఒక కొడుకు పుట్టాడు. చలికాలం తీసుకుపోయింది. తర్వాత ఇంకో కొడుకు పుట్టాడు. వాణ్నీ చలికాలమే తీసుకుపోయింది. మూడోసారి ఆడపిల్ల పుట్టింది. ఈ పిల్ల పుట్టగానే మంత్రసాని ఎర్రెమ్మ ఎత్తుకుపోయి, మళ్లీ పారమ్మ దగ్గరికే తెచ్చి, చేటెడు తవుడుకి అమ్మింది. తవుడుకి కొన్న బిడ్డ మీద చావుకి కన్ను పడదని వాళ్ల నమ్మకం. అందుకే ఆ పిల్లకి తవిటమ్మ అని పేరు. తవిటీ అని పిలిచేవాళ్లు.

తవిటికి మాటలొచ్చాయి, పళ్లు ఊడాయి, కొత్త పళ్లు మొలుస్తున్నాయి. పారమ్మకి ధైర్యం వచ్చింది. మొగుడు మాత్రం ఒకనాడు పుల్లలకని కొండెక్కి వణుకుతూ దిగాడు. పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. తల్లీ పిల్లా మిగిలారు.

ఆ ఏడు చలి ముందే దిగింది. తవిటికి జ్వరం వచ్చింది.

పారమ్మ గంజి కాచి తాగించింది. కషాయం కాచి పట్టింది. ఇక మిగిలింది వెచ్చదనం. ఉన్న రెండు చీరల్లో ఒకటి కప్పింది. ఎర్రెమ్మ ఒక గోనె తెచ్చి కప్పింది. అప్పుకి ఒక బొంత తెద్దామంటే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు వణుకుతూనే ఉన్నారు. అన్నీ తను కుట్టిన బొంతలే. ఎవరి మీంచి లాక్కొస్తుంది?

ఇంట్లో ఒక సగం బొంత ఉంది. ఊరందరి బొంతల్లో మిగిలిన పేలికలు దాచి, తీరిక దొరికినప్పుడల్లా తవిటి కోసం కుడుతూ వచ్చింది. ఇంకా కొన్ని పువ్వులు కలపాలి, ఆకులు తీయాలి, అడుగు వేయాలి. ఆ సగం బొంతనే, ఆకులతోనే, పిల్ల మీద కప్పింది. ఆకుల బిరుసుకి అది ఒంటికి అంటలేదు. కిందనుంచి గాలి దూరుతోంది. ఇది పూర్తయితే పిల్ల బతుకుతుంది అనుకుంది పారమ్మ. అంతకు మించి ఆమెకి తెలిసిన మందు లేదు.

పాకకి ఒకటే వాకిలి. వెలుతురు అక్కణ్నించే రావాలి. అందుకని పారమ్మ వాకిలికి ఎదురుగా కూర్చుని మిగిలిన పువ్వులు విడిగా కుట్టడం మొదలుపెట్టింది. వెనక చీకట్లో నులక మంచం మీద తవిటి. కళ్లు సూది మీద, చెవులు వెనక. పిల్ల వణికినప్పుడల్లా బొంత గరగరమంటోంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా పారమ్మ చెయ్యి ఇంకా జోరుగా ఆడింది.

పొద్దున్న తవిటి పిలిచింది.

"అమ్మా, ఇటు సూడే."

"ఇంకొక్క పువ్వే, నా తల్లీ."

బొంత గరగరమంది. పారమ్మ కుట్టింది.

మిట్టమధ్యాహ్నం మళ్లీ పిలిచింది.

"అమ్మా, ఆకులు గుచ్చుకుంతన్నాయి. ఇటు సూడే."

"ఇంకొక్క పువ్వే, నా తల్లీ. అవగానే తీసీస్తాను."

బొంత గరగరమంది. పారమ్మ కుట్టింది.

పొద్దు వాలింది. వాకిట్లో వెలుతురు పచ్చబడింది. ఈసారి గొంతు బాగా సన్నగా వచ్చింది.

"అమ్మా. ఇటు."

"అయిపోనాది నా తల్లీ, ఇంకొక్క పువ్వే. ఎలుతురు పోతంది."

బొంత గరగరమంది. పారమ్మ సూది ఆపకుండానే అమ్మవారికి మొక్కుకుంది. తల్లీ, ఆ చప్పుడు ఆపు, నా పిల్లకి వణుకు తగ్గించు, నీకు ఆరు పక్కల పువ్వుల రైక కుట్టి పెడతాను అంది.

చప్పుడు ఆగింది.

పారమ్మ గుండె నిండిపోయింది. అమ్మవారు విన్నది! వణుకు తగ్గింది, పిల్ల నిద్రపోయింది. లేపకూడదని ఊపిరి కూడా మెల్లగా పీల్చింది. అంత సంతోషంగా ఆమె ఎప్పుడూ కుట్టలేదు. లోలోపలే ఏదో కూనిరాగం కూడా తీసింది. ఆఖరి పువ్వు ఆఖరి అంచు కలిపి, దారం పంటితో తెంపి, అప్పుడు వెనక్కి తిరిగింది.

తవిటి కళ్లు తెరిచే ఉన్నాయి. తల్లి వీపు వైపే ఉన్నాయి.

ఊ కొట్టండమ్మా. నాకూ కష్టంగానే ఉంది.

ఎర్రెమ్మ వచ్చింది, నలుగురూ వచ్చారు. ఆ సగం బొంతలోనే పిల్లని చుట్టారు. ఆకులు ఎవరు తీస్తారు, తీయలేదు. గోతిలో దించి మట్టి వేశారు. మట్టి పడగానే బొంత గరగరమంది.

"ఆగండి! ఆగండిరా! నా గుంట, నా పిల్ల కదిలింది!" అని పారమ్మ గోతిలోకి దూకింది.

ఆగారు. మట్టి తుడిచి చూశారు. ఏమీ లేదు.

"మట్టి సప్పుడు తల్లీ," అంది ఎర్రెమ్మ, చెయ్యి పట్టుకుని పైకి లాగుతూ.

మళ్లీ వేశారు. మళ్లీ గరగరమంది. ఈసారి పారమ్మ చెవులు మూసుకుంది.

ఆ తర్వాత పారమ్మ వాకిలి వైపు తిరిగి కూర్చోలేదు. వెలుతురుకి వీపు పెట్టి, మంచానికి ఎదురుగా కూర్చునేది. ఆ చీకట్లో కుట్లు వంకర పోయేవి. ఇచ్చిన బొంతలు పాడయ్యాయని జనం పని ఇవ్వడం మానేశారు. అయినా ఎండుతాటాకులు కోస్తూనే ఉండేది. ఆరు పక్కల ముక్కలు, కుప్పలు కుప్పలు.

ఒకనాడు ఆ ముక్కలు కొంగున కట్టుకుని బయల్దేరింది.

మొదట పెద్దనాయుడి ఇంటికి వెళ్లింది. "అమ్మా, మీ మనవడి బొంత ఒకపాలి ఇస్తారా? నడుమ పువ్వు ఇప్పి ఒక్క ఆకు పెట్టి కుట్టీసి ఇచ్చీస్తాను," అంది.

నాయుడి భార్య మండిపడింది. "సచ్చిన పిల్ల ఆకు మా పిల్లడి బొంతలోనా! గడప దిగు ముందు!"

గడప దిగింది.

కుండల సన్నాసి ఇంటికి వెళ్లింది. సన్నాసి కసరలేదు. జాలిగానే చూశాడు. "పారమ్మా, నీకు మతి సరిగా నేదు. ఎల్లి పడుకో," అని తలుపు దగ్గరికి వేశాడు.

మూడోది గవరమ్మ ఇల్లు. గవరమ్మ చిన్నపిల్ల, కొత్త తల్లి. చంకలో పాలుతాగే కొడుకు. పారమ్మని అక్క వరసన అప్పా అని పిలిచేది.

"ఆకెందుకప్పా? బొంత గరగరమంటే ఈడు పడుకోడు గదా," అంది.

"సప్పుడు కోసం కాదే. సప్పుడు ఆగడం కోసం," అంది పారమ్మ.

"నాకు అరదం కాలేదు."

"నువ్వు దంచుకుంతావు, రుబ్బుకుంతావు. ఈపు ఎనక పిల్లడుంతాడు. సప్పుడు ఇనబడితే ఉన్నాడని నీ పని సేసుకో. ఆగిందనుకో, సంతోషపడిపోకు. పని ఇసిరీసి తిరిగి సూడు. అంతే."

గవరమ్మ బొంత ఇచ్చింది. నమ్మి కాదు, జాలిపడి. రేపు తీసేద్దాంలే అనుకుంది. రేపు మర్చిపోయింది. అలా ఆ ఆకు ఉండిపోయింది.

మళ్లీ చలికాలం దిగింది. కొండ మీంచి చలి, చలి వెనక జ్వరం, జ్వరం వెనక మూడోది. ఈసారి గవరమ్మ కొడుక్కి వచ్చింది. గంజి పట్టింది, కషాయం పట్టింది, బొంత కప్పింది. కప్పి, పెరటి వైపు తిరిగి గంజికి నూకలు దంచుతోంది. దంపుడు నడుమ గర గర అని వినబడుతోంది. ఉన్నట్టుండి వినబడలేదు.

హమ్మయ్య, పడుకున్నాడు అనుకుంది గవరమ్మ. అనుకున్న మరుక్షణం పారమ్మ మాట గుర్తొచ్చింది. రోకలి విసిరేసి తిరిగింది.

పారమ్మ పాకలో మంచానికి ఎదురుగా కూర్చుని ఉంది. గవరమ్మ జుట్టు విరబోసుకుని గుమ్మంలోకి వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. పారమ్మకి అర్థమైంది. లేచి నిలబడింది.

"ఆకు ఆగిందా?"

"ఆగిందప్పా."

"నువ్వు తిరిగినావా?"

"తిరిగినాను. ఒళ్లో ఏసుకున్నాను." గవరమ్మ గుమ్మంలోనే కూలబడింది. "ఉండలేదప్పా. ఉంచలేకపోనాను."

పారమ్మ దగ్గరికి వచ్చి ఆమె గడ్డం పట్టుకుంది.

"నిన్ను సూసినాడా?"

"సూసినాడప్పా."

"నీ మొగమే?"

"నా మొగమే. సూసి, నా రైక ఇలా పట్టుకున్నాడు. అప్పుడే పోనాడు."

"నిన్ను సూసినాడు," అంది పారమ్మ. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. తవిటి పోయాక పారమ్మ ఏడవడం అదే మొదలు.

చలికాలం దాటకుండానే పారమ్మ పోయింది. ఖాళీ మంచం వైపు తిరిగి, గోడకి ఆనుకుని కూర్చునే పోయింది. పక్కన ఆరు పక్కల ఆకుల కుప్ప ఉంది. మండించుకుంటే పొయ్యికి ఒక పూట సరిపోతుంది. గవరమ్మ వాటిని ఒడిలో పోసుకుంది. గడప గడపకీ వెళ్లింది. కొడుకు పోయిన తల్లి, మొహం వాచిపోయి, గుమ్మంలో నిలబడి, "నడుమ పువ్వు ఇప్పండి," అంటే ఈసారి కాదన్నవాళ్లు లేరు. పెద్దనాయుడి భార్య తనే బొంత తెచ్చింది. తన చేత్తోనే కుట్టు విప్పింది.

అప్పటినుంచీ ఆ కొండ కింద ఊళ్లలో పసిపిల్ల బొంత కుడితే నడుమ పువ్వులో ఒక్క ఆకు తీయకుండా వదిలేస్తారు. దాన్ని పారమ్మ ఆకు అంటారు. తాటాకు దొరక్కపోతే కాగితం ముక్కయినా పెడతారు. ఎంత తొందర పనిలో ఉన్నా, పిల్లలు పిలిస్తే ఆ ఊళ్లలో ఏ తల్లీ ఇంకొక్క పువ్వు అనదు. కథ చెప్పేవాళ్లు కూడా ఊ ఆగితే ఆగి చూస్తారు.

ఆకు పెట్టాక పిల్లలు చావడం మానేశారా అని అడగకండి. మానలేదు. చలి దిగుతూనే ఉంది, దాని వెనకవీ దిగుతూనే ఉన్నాయి. కానీ పారమ్మ ఆకు పెట్టిన ఏ ఇంట్లోనూ, ఏ బిడ్డా తల్లి వీపు చూస్తూ పోలేదు.