దొరగారి జెండా మోటారు

రావాడ కంటోన్మెంటు మొత్తం మీద గవరయ్యకీ తమ్ముడు సన్యాసికీ ఉన్నంత తెలివి ఇంకెవరికీ లేదు. ఈ సంగతి వాళ్ళిద్దరే ఊరంతా చెప్పుకునేవారు. జర్మనీ యుద్ధం రోజులవి. కెప్టెన్ దొరకి కొత్తగా మోటారు వచ్చింది, దాని ముక్కు మీద చిన్న జెండా. గుర్రబ్బండి తోలే గవరయ్య నాలుగు రోజుల్లో మోటారు తోలడం నేర్చేసుకున్నాడు. పాపం, ఒంటిమీద ఖాకీ కోటు ఒక్కటే తక్కువ.

ఒకరోజు దొర జ్వరంతో మంచమెక్కాడు. గవరయ్య చేతికి ఉత్తరం ఇచ్చి, "మధ్యాహ్నంలోగా ఇది ఏటి గట్టు శిబిరంలో జనరల్ గారికి అందాలి. పై అధికారి మాట జవదాటకపోతే కోటు నీదే. జవదాటావో, మళ్ళీ గుర్రాల లద్దె ఎత్తుకోవాలి. ఆ, మోటారు మీద జెండా కనబడితే ఎవరైనా సరే ఆగి సెల్యూట్ కొట్టాలి" అన్నాడు.

అంతే. గవరయ్య తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మోటారెక్కి చూస్తే కళ్ళెదుటే జెండా! ఆగి సెల్యూట్ కొట్టాడు. నాలుగడుగులు పోనిచ్చాడు. మళ్ళీ జెండా, మళ్ళీ సెల్యూట్. గంటైనా వీధి మలుపు దాటలేదు. గవరయ్యకి ఏడుపొక్కటే తక్కువ.

"నా కోటు పోయినట్టేరా సన్యాసీ!"

"ఎందుకు పోద్దన్నా? జెండా ముందుంది కదేటి! మనం ఎనక్కి సూసుకుంటా ఎనక్కే పోతే సరి."

"ఓరి నీ బుర్ర బంగారం గానూ!"

ఇంకేముంది! మోటారు ముఖం ఇంటివైపు తిప్పి, శిబిరం వైపు వెనక్కే పరుగు తీయించారు. శిబిరంలో సిపాయిలు అది చూశారు. తిప్పుకునే తీరిక కూడా లేక దొర మోటారు వెనక్కే పారిపోయి వస్తోందంటే, శత్రువు దాని ఎదుట ఉన్నట్టే కదా! అంతే, అన్నం డేగిసాలతో సహా పటాలం పరుగందుకుంది. "ఆగండి బాబూ, ఉత్తరం!" అని మోటారు వెంటపడేకొద్దీ వాళ్ళు ఇంకా జోరుగా పరిగెత్తారు.

బొజ్జ వల్ల జనరల్ గారొక్కరే ఏటి గట్టు మీద చిక్కారు. రొప్పుతూ మోటారెక్కి కూర్చుని ఉత్తరం విప్పారు. "పటాలం ఉన్నచోటే ఉండాలి" అని ఉంది. ఆయన లేచి, పారిపోతున్న సిపాయిల వైపు గొంతు చించుకున్నారు.

"ఎవ్వరూ కదలొద్దు!"

సిపాయిలు ఆగారు. అప్పుడే బ్రేకు మీంచి కాలు తీసిన గవరయ్య కూడా కొయ్యబొమ్మలా బిగుసుకుపోయాడు. మోటారు మాత్రం గట్టు వాలున జారి మెల్లగా ఏట్లోకి దిగింది. నీళ్ళు జనరల్ గారి బొజ్జ దాకా వచ్చాయి.

"బ్రేకు తొక్కరా, బ్రేకు!"

గవరయ్య రెప్పయినా వెయ్యకుండా అన్నాడు, "కాలు కదిపితే నా కోటు పోద్ది దొరా!"