సోమలింగాన్ని పిలవడం

కామేశం మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లు జవాబుతో ఇంటికి వెళ్లిన దాఖలా లేదు, పనితో వెళ్లారు. కాకినాడలో ఒక మందుల కొట్టు పైన, రెండు గదుల్లో ఆయన ప్రోగ్రామింగ్ నేర్పేవారు. ముందు టెస్ట్ రాయాలి, అంటే ప్రోగ్రాం ఏ జవాబు చెప్పాలో సరిచూసే పరీక్ష. అది తప్పి తెరమీద ఎర్రగీత చూపాలి. దాన్ని పచ్చగీతగా మార్చడానికి ఎంత కావాలో అంతే కోడ్ అప్పుడు రాయాలి. ఆ రెండు గదుల్లో ఉన్న మడి ఇదొక్కటే.

ఈ మడి సత్యవేణికి మింగుడుపడలేదు. పిల్ల చురుకు, తొందర కూడా తక్కువేం కాదు. ఓ సోమవారం పొద్దున్నే అడిగేసింది.

"మాస్టారూ, కోడే లేదు, దానికి పరీక్షేవిటండీ? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది!"

క్లాసంతా గొల్లుమంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది మాస్టారే. "ఏదీ, నువ్వు చేసింది చూపించమ్మా," అన్నారు.

చూపించడానికేగా ఆమె వచ్చింది! తేదీ ఇస్తే ఆ రోజు రాహుకాలం చెప్పే చిన్న ప్రోగ్రాం అది. బుధవారం వాళ్ల అక్క టైలరింగ్ షాపు తెరుస్తోంది. మంచి సమయం మా చిన్నది కంప్యూటర్లో చూస్తుందని తల్లి ఇప్పటికే వీధంతా చాటింది. బుధవారం రాహుకాలం మూడింటికని ప్రోగ్రాం చెప్పింది గనక, పన్నెండుంపావుకి ప్రారంభోత్సవమని ఆహ్వానం ఫోన్లో సిద్ధంగా ఉంది. నూట ఇరవై మందికి వెళ్లాలి. మాస్టారు సరే అనడమే తరువాయి. కోడ్ పూర్తయ్యాక రాసిన టెస్టులు ఏడు రోజులకీ ఏడు, అన్నీ పచ్చగా మెరుస్తున్నాయి.

"ఈ టెస్టుల్లో జవాబులు ఎక్కణ్ణించి తెచ్చావమ్మా?"

"ప్రోగ్రాం నడిపి, అది చెప్పినవే పెట్టానండి."

"కొత్త ఫైలు తెరువు. ఒక్కో రోజుకీ ముందు టెస్ట్, తర్వాతే కోడ్. జవాబులు మాత్రం అక్కడ చూడు," అని గోడమీది క్యాలెండర్ చూపించి, మాస్టారు టీకి చెప్పడానికి కిందికి వెళ్లారు.

వేణి మూతి ముడుచుకునే మొదలుపెట్టింది. ఆదివారం, నాలుగున్నర. ఎరుపు. రెండు ముక్కల కోడ్, పచ్చ. సోమవారం, ఏడున్నర. ఎరుపు; మళ్లీ పచ్చ. మంగళవారం వచ్చేసరికి ఆమెకి పూనకం పట్టింది. ఎర్రగీత కనిపించడమే ఆలస్యం, వేళ్లు పరుగు తీసేవి. తొక్కుడుబిళ్లలో గడి తర్వాత గడి దాటుతున్నంత సరదా! ముడుచుకున్న మూతి ఎప్పుడు విచ్చుకుందో ఆమెకే తెలియదు.

బుధవారం. క్యాలెండర్ చూసి, పన్నెండు నుంచి ఒకటిన్నర అని కొట్టింది. ఎరుపు. రావలసిన ఎరుపే. కానీ ఈసారి వేళ్లు కదల్లేదు. పన్నెండా? ఆమె చూపు మెల్లిగా ఫోన్ మీదికి జరిగింది. నూట ఇరవై మందిని సరిగ్గా రాహుకాలంలో పిలిచి ఉండేది!

మిగతా మూడు రోజులూ ఒక్క ఊపులో ముగించి, ఈ కొత్త టెస్టులని తన పాత ప్రోగ్రాం మీద నడిపింది. ఏడుకి ఏడూ ఎరుపే. కంప్యూటర్ లెక్కలో వారం సోమవారంతో మొదలు. ఆమె మాత్రం గోడమీది క్యాలెండర్ అలవాటుకొద్దీ తన పట్టికని ఆదివారంతో మొదలుపెట్టింది. దాంతో ప్రోగ్రాం ఏ రోజుకారోజు నిన్నటి రాహుకాలం చెబుతూ వచ్చింది. అది ఆడిన అబద్ధానికి దాన్నే సాక్షిగా నిలబెట్టింది తను.

"దొరికింది!" అని ఆమె వేసిన కేకకి మందుల కొట్టులో మనిషి తల పైకెత్తాడు. ఆహ్వానం చెరిపేసింది. తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, పన్నెండుంపావు కాదే, పొద్దున్న పదింటికి! పదింటికి!" అని రెండుసార్లు అరిచింది. సిగ్గుపడాల్సిన మనిషి, లాటరీ తగిలినట్టు గంతులేస్తోంది.

మాస్టారు టీ గ్లాసులతో మెట్లెక్కి వచ్చారు.

"అయితే సోమలింగానికి ముందే పేరు పెట్టేయాలంటారు, అంతేగా మాస్టారూ?"

"పేరు ఎవరైనా పెడతారమ్మా," అన్నారాయన గ్లాసు చేతికిస్తూ. "నువ్వు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి పిలిచి చూశావు. ఎవరూ పలకలేదు, ఎర్రగీతే వచ్చింది. అందుకే ఇప్పుడు పలికినవాడెవడో నీకు తెలుసు."